మచ్చయినా లేకుండా

"ఇది రాయించింది ఎవరమ్మా?"

సైకిలు గోడకు ఆనించీ ఆనించకముందే గుమ్మంలో నిలబడి అరిచినంత పని చేశాడు సొలొమోను. అతని చేతిలో నాలుగు పేజీల చిన్న పత్రిక ఉంది. గుణదలలో క్రైస్తవుల ఇళ్ళకు నెలకోసారి వచ్చే పత్రిక అది.

అమలమ్మ గుమ్మానికి వీపు పెట్టి కూర్చుని నూకలు చెరుగుతోంది. పది నెలలుగా ఆమె ఎప్పుడూ గుమ్మానికి వీపు పెట్టే కూర్చుంటోంది. పరాయి గొంతు వినగానే చేట వదిలేసి, పైట కొంగు తలమీదుగా లాక్కుని ముఖమంతా కప్పేసుకుంది. గోడవారగా ఆమె అత్తగారు తెరేసమ్మ కొవ్వొత్తులు బుట్టలో సర్దుతోంది. వాకిట్లో అమలమ్మ భర్త మరియదాసు ట్రైసైకిలు చైనుకు నూనె పోస్తున్నాడు.

"ఏం రాయించడం నాయనా? కూర్చో. మంచినీళ్ళు తాగు" అంది తెరేసమ్మ.

"నీళ్ళు తర్వాత పెద్దమ్మా! ఎల్లుండి కార్మిక కమిషనర్ గారి ముందు మన పరిహారం కేసు. ఇవ్వాళ షావుకారు మల్లేశ్వరరావు తరఫు లాయరు ఈ కాగితం దాఖలు చేశాడు. వినండి." సొలొమోను గొంతు సవరించుకుని చదివాడు. "'గత మే నెలలో సోడా సీసా పేలి మా కోడలు అమలమ్మ ముఖమునకు తీవ్ర గాయములైనవి. మరియమాతను వేడుకొనగా మచ్చయినా లేకుండా ముఖము పూర్తిగా నయమైనది. మాతకు కృతజ్ఞతలు. ఇట్లు, తెరేసమ్మ, గుణదల.'"

మచ్చయినా లేకుండా!...

అమలమ్మ కొంగు ఇంకా కిందికి లాక్కుంది. కొంగు కింద ఆమె ఎడమ చెంప చెవి దగ్గర్నుంచి పెదవి దాకా ముడతలు పడిన తోలుముక్కలా ఉంది. పై పెదవి పక్కకు లాగేసి పళ్ళు బయటికి కనిపిస్తాయి. నీళ్ళు తాగితే సగం మెడమీదికి కారిపోతాయి. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన రోజున ఎనిమిదేళ్ళ కూతురు లూర్దు నాయనమ్మ వెనక దాక్కుని, "ఈమె ఎవరు?" అని అడిగింది. ఆ ముఖానికి మచ్చయినా లేదట!

"నేను కళ్ళ సంగతే కదా..." తెరేసమ్మ ఏదో అనబోయి ఆగిపోయింది. వాకిట్లో చైను చప్పుడు కూడా ఆగిపోయింది. ముసలామె గొంతు మారిపోయింది. "అవును నాయనా. నేనే చెప్పి రాయించాను. ఫిబ్రవరిలో మాత ఉత్సవాల్లో అందరూ పొందిన మేలు రాసి కొండమీది పెట్టెలో వేస్తుంటే నేనూ వేశాను."

"వేశావా!" సొలొమోను నుదురు కొట్టుకున్నాడు. సోడా, ఐసు కార్ఖానాల కార్మికుల యూనియన్‌కి అతనే కార్యదర్శి, అతనే గుమాస్తా, అతనే జెండా మోసేవాడు. పైగా బాప్టిస్టు. "అందుకే అంటాను పెద్దమ్మా, మా గుళ్ళో ఈ పెట్టెల గొడవ లేదు. ఏదున్నా నేరుగా దేవుడితోనే!"

"మీ గుళ్ళో తల్లి లేదు కాబట్టే నీకు ఆ నోరు" అంది తెరేసమ్మ. మామూలుగా అయితే ఈ మాటకి అందరూ నవ్వేవాళ్ళు. ఇవ్వాళ ఎవరూ నవ్వలేదు.

సొలొమోను నేలమీదే చతికిలబడి అమలమ్మ వీపు వైపు చూస్తూ చెప్పాడు. "చెల్లెమ్మా, చట్టంలో ఒక పట్టీ ఉంది. చెయ్యి పోతే నూటికి ఇంత, వేలు పోతే ఇంత అని. ముఖం ఘోరంగా వికృతమైతే మాత్రం నూటికి నూరు. మనిషి ఇక సంపాదించుకోలేదని లెక్క. డాక్టరు సర్టిఫికెట్టు మన దగ్గరుంది. కానీ ఆ లాయరు రామకోటేశ్వరరావు ఏమంటాడో తెలుసా? 'కళ్ళు కనిపిస్తున్నాయి, చేతులు పనిచేస్తున్నాయి, ముఖాన్ని వాళ్ళ మాతే బాగుచేసిందని వాళ్ళే అచ్చేయించారు. ఇక మా క్లయింటు ఇవ్వాల్సిందేముంది?' అంటాడు. అదీ చాలక, పెద్దమ్మనే తన సాక్షిగా పిలుస్తున్నాడు. బైబిలు మీద చెయ్యి పెట్టి కొవ్వొత్తుల తెరేసమ్మ మాతను కాదంటుందా? అనదని వాడి ధైర్యం!"

అమలమ్మ గిర్రున తిరిగింది. కొంగు జారింది. సర్దుకోలేదు.

"మీ మాతకి పేరు రావడానికి నా బతుకే దొరికిందా అత్తయ్యా? పది నెలల్నుంచి నన్ను చూస్తున్నారుగా! మూడు చోట్ల పనికెళ్ళాను. హోటల్లో అంట్లు తోముతానంటే, గిరాకీలు జడుసుకుంటారని పంపేశారు. ఒక డాక్టరు గారింట్లో కూతురు కడుపుతో ఉందని గేటు దగ్గరే ఆపేశారు. చేతులున్నాయిగా అంటాడు షావుకారు... చేతుల దాకా ఎవరు చూస్తున్నారు అత్తయ్యా? ఈ పరిహారం వస్తే ఒక కుట్టు మిషను కొనుక్కుని, ఇంట్లో కూర్చుని, ఎవరి కంటా పడకుండా నా బిడ్డని చదివించుకుందామనుకున్నాను. రాకపోతే జూన్‌లో లూర్దు కంకిపాడు వెళ్ళాలి. ఎవరింట్లోనో చంటిపిల్లాణ్ణి ఎత్తుకుని తిరగాలి. ఎనిమిదేళ్ళ పిల్ల! అది తెలిసే రాయించారా?"

తెరేసమ్మ విరిగిన కొవ్వొత్తి ఒకటి చేతిలో పట్టుకుని, ఒత్తి తెగకుండా దాన్ని మళ్ళీ అతకాలని చూస్తోంది.

"చెప్పు పెద్దమ్మా" అన్నాడు సొలొమోను. "ఎల్లుండి అబద్ధమని ఒప్పుకుంటావా? మాత బాగుచెయ్యలేదని చెబుతావా?"

వాకిట్లోంచి మరియదాసు ట్రైసైకిలు తోసుకుంటూ, గబగబా వెళ్ళిపోయిన చప్పుడు వినిపించింది.

* * *

మల్లేశ్వరరావు సోడా కార్ఖానాలో ఆరేళ్ళు సీసాలు కడిగింది అమలమ్మ. గ్యాసు పట్టే మిషనుకి ఇనప మూత ఉండాలి. సీసా పేలినా గాజు ఆ మూతలోనే ఆగిపోవాలి. ఆ మూత బందు విరిగి నెల దాటింది. "రేపు, ఎల్లుండి" అంటూ దానిమీద గోనెసంచి కట్టి నడిపించారు. మే నెల ఎండలకి సోడాలకి గిరాకీ ఎక్కువ, మిషను ఆపితే నష్టం! ఆ రోజు సీసా పేలినప్పుడు మిషనుకి రెండడుగుల దూరంలో, తొట్టి ముందు వంగి ఉన్నది అమలమ్మే.

డాక్టర్లు కళ్ళు రెండూ పోతాయన్నారు. నలభై రోజులు కట్లు. ఆ నలభై రోజులూ తెరేసమ్మ చెప్పులు లేకుండా మరియమాత గుడి ఉన్న కొండ ఎక్కి దిగింది. కట్లు విప్పినప్పుడు అమలమ్మకి మొదట కనిపించింది అత్తగారి బొబ్బలెక్కిన పాదాలు. కళ్ళు నిలిచాయి! ఆ సంగతి అమలమ్మ మరిచిపోలేదు. కానీ గురువారం పొద్దున కమిషనర్ ఆఫీసుకు వెళుతూ, బస్సులో అత్తగారి పక్కన కూర్చోలేకపోయింది. వెనక సీట్లో కూర్చుని ఆ తెల్లటి ముడినే చూస్తూ ఉండిపోయింది. 'ఈ మనిషి నోటిలో ఉంది నా బిడ్డ బతుకు!...'

కమిషనర్ గారి గది చిన్నది. బల్ల, బీరువా, కిర్రుమనే పంకా. మల్లేశ్వరరావు ఇస్త్రీ పంచెలో వచ్చి, "ఏమ్మా అమలమ్మా, కులాసానా?" అని కుశలం అడిగాడు. తలుపు దగ్గర మరియదాసు నిలబడ్డాడు, ఒంటిమీద కొత్త ఖాకీ చొక్కా. చెవి మీద ఎప్పటిలా ఊదారంగు కాపీ పెన్సిలు ఉంది. కార్ఖానా సోడాలు కొట్లకు వేసివచ్చి ఆర్డర్లు రాసుకునే పెన్సిలు అది. ఆ చొక్కా ఎప్పుడు కుట్టించుకున్నాడో అమలమ్మకి తెలియదు.

తెరేసమ్మ బైబిలు మీద చెయ్యి పెట్టింది. లాయరు రామకోటేశ్వరరావు ఎంతో మర్యాదగా మొదలుపెట్టాడు.

"ఏం చేస్తుంటారు తల్లీ మీరు?"

"కొండ కింద కొవ్వొత్తులు అమ్ముతానండి. ముప్పై ఏళ్ళయింది."

"మరియమాత అంటే నమ్మకమేనా?"

"నమ్మకం లేకపోతే ముప్పై ఏళ్ళు ఎండలో ఎందుకు కూర్చుంటానండీ?"

గదిలో నలుగురూ నవ్వారు. లాయరు అందరికంటే ఎక్కువ నవ్వాడు.

"బావుంది. ఈ ప్రకటన మీ పేరుతోనే వచ్చింది కదా?"

"వచ్చిందండి."

"అయితే ఒక్క మాటలో చెప్పండి. మాత మీ కోడల్ని బాగుచేసిందా, చెయ్యలేదా?"

పంకా కిర్రుమంటోంది. తెరేసమ్మ ఎడమ చేతిలో జపమాల ఉంది. పూస మీద పూస... పూస మీద పూస... వేళ్ళు ఆగిపోయాయి. అమలమ్మ కొంగు అంచులోంచి ఆమె పెదవులనే చూస్తోంది. 'అవును' అనేస్తుంది... అనేస్తుంది...

"లేదండీ."

లాయరు నవ్వు ముఖమ్మీదే ఉండిపోయింది. "ఏమన్నారు?"

"చెయ్యలేదండీ. ఆ కాగితం అబద్ధం. నేను చెప్పిన అబద్ధం."

"మాత పేరు మీద అబద్ధం ఆడారా? ఎందుకు?"

"పేరు కోసమండీ. కొండమీద ప్రతివాళ్ళూ ఏదో ఒక మేలు చెప్పుకుంటున్నారు. నాకూ చెప్పుకోవాలనిపించింది. అలా చెబితే నా దగ్గర నాలుగు కొవ్వొత్తులు ఎక్కువ అమ్ముడవుతాయనుకున్నాను." ముసలామె ఒక్కొక్క మాటా పంటి కింద రాయిలా పలికింది.

రామకోటేశ్వరరావు పాత లాయరు. దెబ్బ తిన్నా దారి వెతుక్కున్నాడు. "సరే! కళ్ళు రెండూ పోతాయన్నారట డాక్టర్లు. నిలిచాయిగా! అది మాత దయ కాదా? అదైనా చెప్పండి!"

తెరేసమ్మ తల వంచుకుంది. జపమాలను గుప్పిట్లో దాచేసుకుంది. "కాదండీ... డాక్టర్లు."

ఆ బొబ్బల పాదాలు అమలమ్మ కళ్ళ ముందు మెదిలాయి. కళ్ళ సంగతి అబద్ధం కాదుగా! అదీ కాదనాల్సి వచ్చిందా ఈ ముసలి ప్రాణానికి!

"అయ్యా, యూనియన్ వాళ్ళు ఈమెకు పాఠం చెప్పి తెచ్చారు" అన్నాడు లాయరు కమిషనర్ వైపు తిరిగి. "ఈమె అప్పట్లో మనస్ఫూర్తిగానే రాయించిందనడానికి, పెట్టెలో వేసిన అసలు చీటీనే పత్రిక వాళ్ళ దగ్గర్నుంచి తెప్పించాను. చిత్తగించండి."

"లాయరు గారూ! అదెందుకండీ ఇప్పుడు!" మల్లేశ్వరరావు కుర్చీలోంచి సగం లేచాడు. ఆ గొంతులో కంగారు విని లాయరే ఆశ్చర్యపోయాడు. అప్పటికే చీటీ బల్ల మీదుగా కమిషనర్ చేతికి వెళుతోంది. అమలమ్మ ముందు నుంచే వెళ్ళింది. ఒక్క రెప్పపాటు ఆమె దాన్ని చూసింది.

ఊదారంగు అక్షరాలు!...

కమిషనర్ చీటీ చదివారు. వెనక్కి తిప్పారు. కనుబొమ్మలు ముడిపడ్డాయి. "ఇదేమిటి? వెనక మీ కార్ఖానా పేరు అచ్చయి ఉందే మల్లేశ్వరరావు గారూ! ఇది మీ ఆర్డరు చీటీ కదూ?"

మల్లేశ్వరరావు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"ఏమ్మా, ఈ చీటీ రాసింది ఎవరు?"

అమలమ్మ తల తిప్పి తలుపు వైపు చూసింది. మరియదాసు నేలకేసి చూస్తున్నాడు. అతని చెయ్యి మెల్లగా పైకి లేచింది. చెవి మీది పెన్సిలు తీసింది. కొత్త చొక్కా జేబులో దాచేసింది.

అయ్యో!... మంగళవారం నాడు సగంలో ఆగిపోయిన ఆ మాట! 'నేను కళ్ళ సంగతే కదా'... ఈమె చెప్పింది కళ్ళ సంగతే. చదువురాని తల్లి చెప్పిన మాట కొడుకు రాసిపెట్టాడు. ఆ కాగితం మీదికి ముఖం సంగతి, మచ్చ సంగతి ఎక్కించింది వీడు! చెప్పించింది ఆ కిటికీలోంచి చూస్తున్న పెద్దమనిషి! సొలొమోను చదివిన క్షణంలోనే ఈమెకు అంతా తెలిసిపోయింది. తెలిసీ కోడలి చేత అన్ని మాటలు పడింది! 'వాడే! నా మొగుడే!' అని ఆ గది పగిలిపోయేలా అరవాలనిపించింది అమలమ్మకి.

తెరేసమ్మ ఆమె వైపే చూస్తోంది. తల అడ్డంగా ఊపింది. అంతే. ఆపైన కమిషనర్ గారితో అంది.

"ఎవరో యాత్రికుడండీ. పేరు తెలియదు. కాగితం లేదంటే మా అబ్బాయి జేబులో చీటీ నేనే తీసిచ్చాను. మా అబ్బాయికి ఏమీ తెలియదు."

కమిషనర్ చీటీని చాలాసేపు చూసి ఫైల్లో పెట్టుకున్నారు. "చూడమ్మా అమలమ్మా, నేను గాయం చూడాలి. తప్పదు. కొంగు తీస్తావా?"

పది నెలలుగా ఈ క్షణానికే భయపడింది ఆమె. కానీ ఇప్పుడు, అత్తగారు అంతమందిలో తన పరువు వలిచి పెట్టేశాక, ఇక దాచుకోవడానికి ఈ ముఖం ఎంత!... రెండు చేతులతో కొంగు తీసి భుజాన వేసుకుంది. తల ఎత్తింది.

కమిషనర్ చూశారు. ఒక్క క్షణమే. వెంటనే ఆయన కళ్ళు కాగితాల మీదికి దిగిపోయాయి. లాయరు కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. మల్లేశ్వరరావు అసలు కిటికీ వదల్లేదు. ఎవరూ నోరు విప్పక్కర్లేకపోయింది. తీర్పు ఏమిటో అమలమ్మకి అప్పుడే తెలిసిపోయింది.

* * *

"గెలిచాం పెద్దమ్మా!" బయటికి రాగానే సొలొమోను చేతులు ఊపేశాడు. "మీ మాత ఓడిపోయింది గానీ నువ్వు గెలిచావు!"

తెరేసమ్మ అతని వైపు చూసిన చూపుకి సగం నవ్వులోనే నోరు మూసుకున్నాడు. "తప్పయిపోయింది పెద్దమ్మా" అని, సైకిలెక్కకుండా నడిపించుకుంటూ వెళ్ళిపోయాడు.

ఇంటికి చేరాక, తెరేసమ్మ బావి దగ్గరికి వెళ్ళినప్పుడు, అమలమ్మ భర్త ఎదుట నిలబడింది. కొంగు కప్పుకోలేదు.

"ఎంతకి అమ్మావయ్యా?"

మరియదాసు గోడ వైపు తిరిగాడు.

"ఇటు చూసి చెప్పు! ఆ చొక్కాకేనా?"

"కొత్త వాన్ కొంటున్నాడు షావుకారు... కంకిపాడు లైనుకి. నన్ను డ్రైవరుగా వేస్తానన్నాడు. అమ్మ చీటీ రాయమందని పొరపాటున ఆయన ముందు అన్నాను. కూర్చోబెట్టి, ఆయనే ఒక్కొక్క మాటా చెప్పాడు..." అతని భుజాలు కదులుతున్నాయి. "కేసుకి పనికొస్తుందని నాకు తెలియదు అమలా. మాత పేరు చెడదు, నీ పేరు చెడదు అన్నాడు. 'మచ్చయినా లేకుండా' అని రాస్తుంటే... ఒక్క క్షణం నిజమేననిపించింది. నిజమైతే బావుండుననిపించింది."

"నీకు నిజమనిపించింది!" అమలమ్మ నవ్వింది. ఆ పెదవితో నవ్వితే ఎలా ఉంటుందో ఆమెకి తెలుసు. అయినా నవ్వింది. "పది నెలలైంది నువ్వు నా ముఖం చూసి. పక్కకు తిరిగి పడుకునేవాడికి ఏదైనా నిజమే అనిపిస్తుంది. ఒక్కసారి చూసి ఉంటే ఆ పెన్సిలు కదిలేది కాదయ్యా!"

అతను చూడబోయాడు. ఆమె గడప దాటి వెళ్ళిపోయింది.

పదిహేను రోజులకు తీర్పు వచ్చింది. 'ముఖము మిక్కిలి ఘోరముగా వికృతమైనది' అని రాసి, కింద సంతకం, ముద్ర. నూటికి నూరు! తన ముఖం ఎంత అసహ్యంగా ఉందో సర్కారు వారు ఒప్పుకున్నారని పండగ చేసుకోవాలి! అమలమ్మ ఆ కాగితాన్ని మడిచి బియ్యం డబ్బా కింద పెట్టింది. మల్లేశ్వరరావు డబ్బు కట్టాడు. అదే రోజు మరియదాసుని పిలిచి, వాన్ మాట అటుంచి, ట్రైసైకిలు కూడా లాక్కుని పంపేశాడు. ఇప్పుడతను రైల్వే స్టేషన్ దగ్గర అద్దె రిక్షా తొక్కుతున్నాడు. ఆ ఖాకీ చొక్కాతోనే.

కుట్టు మిషను వచ్చింది. జూన్‌లో లూర్దు కంకిపాడు వెళ్ళలేదు, సిస్టర్ల బడికి వెళ్ళింది. కానీ తెరేసమ్మ బుట్టలో కొవ్వొత్తులు ఉన్నవి ఉన్నట్టే ఇంటికి తిరిగొస్తున్నాయి. కమిషనర్ గదిలో మాట కొండ కిందికి రావడానికి ఒక్క పూట పట్టింది. "మాత పేరు మీదే దొంగసాక్ష్యం చెప్పినామె, మైనంలో ఏం కలుపుతుందో ఎవరికి తెలుసు!" అని పక్క బుట్ట ఆదెమ్మ యాత్రికులకు వినబడేలా అంటోందట. తెరేసమ్మ ఆదివారం పూజకు వెళుతుంది. సత్ప్రసాదం తీసుకోవడానికి అందరూ లేస్తారు. పాపం మోస్తున్నవాళ్ళు అది తీసుకోకూడదని, ఆమె మాత్రం వెనక చాపమీదే కూర్చుండిపోతుంది.

ఒక ఆదివారం అమలమ్మ ఉండబట్టలేక ఆమె పాదాల దగ్గర కూర్చుంది. "నన్ను క్షమించండి అత్తయ్యా. ఆ రోజు నోటికొచ్చినట్టు అన్నాను. అంతా తెలిసీ ఎందుకు చెప్పలేదు?"

"చెబితే వాణ్ణి జైల్లో పెడతారనుకున్నానే. వాడెంత చచ్చుపీనుగైనా లూర్దుకి తండ్రి." తెరేసమ్మ కళ్ళు తుడుచుకుంది. "ఆ అబద్ధం సంగతి కాదు నా బాధ. నీ కళ్ళు నిలిపింది ఆ తల్లేనే అమలా! నాకు తెలుసు. నలభై రోజులు ఆమెతో పోట్లాడి తెచ్చుకున్నాను. అలాంటిది నలుగురిలో, బైబిలు మీద చెయ్యి పెట్టి, కాదన్నాను..."

"మీ పాపం చెప్పుకుని పాపసంకీర్తనం చెయ్యండి. ఫాదర్ గారు క్షమిస్తారు."

"క్షమిస్తారు. కానీ మళ్ళీ ఆ పాపం చెయ్యనని మాట ఇవ్వాలిగా! లూర్దుని కంకిపాడు పంపుతామంటే మళ్ళీ వెళ్ళి అదే చెబుతానే! ఆ మాట నేనెలా ఇవ్వను?" తర్వాత చిన్నపిల్లలా అంది. "ఆ కాగితంలో అబద్ధం అచ్చయింది కదా... అందులోనే నిజం కూడా అచ్చయితే, నా మాట నేను కొట్టేసుకున్నట్టు. అప్పుడు వెళతాను."

షావుకారు అప్పీలుకు వెళ్ళడానికి అరవై రోజుల గడువు. అమలమ్మ సొలొమోనుని అడిగి రోజులు లెక్కపెట్టుకుంది. గడువు దాటిన మర్నాడు, పట్టపగలు, కొంగు భుజాన వేసుకుని, కొవ్వొత్తుల బుట్ట తనే ఎత్తుకుని బయల్దేరింది. దారిలో ఒక పసివాడు కెవ్వుమన్నాడు. ఇద్దరు ఆడవాళ్ళు కొంగులు నోటికడ్డం పెట్టుకుని పక్కకు తప్పుకున్నారు. ఆమె ఆగలేదు. ఆదెమ్మ ముందు బుట్ట దించి, "నా కళ్ళు ఇవిగో పిన్నీ. మా అత్తయ్య అడిగి తెచ్చిన కళ్ళు. మైనం గురించి మాట్లాడేటప్పుడు ఇటు చూసి మాట్లాడు" అంది. ఆదెమ్మ తల వంచుకుంది.

తర్వాత పైకెక్కి, తన చేతిరాతతో ఉన్న చీటీ పెట్టెలో వేసింది. 'మా అత్తయ్య తెరేసమ్మ వేడుకుంటే మరియమాత నా కళ్ళు నిలిపింది. నా ముఖాన్ని ఎవరూ బాగుచెయ్యలేదు. ఈ రెండూ నిజం. అమలమ్మ, గుణదల.'

జూలై పత్రిక వచ్చింది. తెరేసమ్మ చేతులు తుడుచుకుని ఎదురుగా కూర్చుంది. "వచ్చిందా?"

రాలేదు. పరీక్ష పాసైనవాళ్ళు, ఉద్యోగం వచ్చినవాళ్ళు, పిల్లలు పుట్టినవాళ్ళు... వాళ్ళందరి కృతజ్ఞతలూ ఉన్నాయి.

"వచ్చే నెల వస్తుందిలెండి అత్తయ్యా."

ఆగస్టులోనూ రాలేదు. నయం కాని ముఖం సంగతి ఎవరు అచ్చువేస్తారు! తెరేసమ్మ బుట్ట ఎత్తుకుంటుంటే ఒక్కసారి గోడ పట్టుకుంది. ఈ మధ్య ఆమెకి మెట్లెక్కితే ఆయాసం వస్తోంది.

సెప్టెంబరు పత్రిక వచ్చినప్పుడు లూర్దు బడిలో ఉంది. తెరేసమ్మ ఎప్పటిలా ఎదురుగా కూర్చుంది. ఈసారి "వచ్చిందా?" అని కూడా అడగలేదు. అమలమ్మ నాలుగు పేజీలూ తిప్పింది. మళ్ళీ మొదటి నుంచి తిప్పింది. ఎక్కడా లేదు. తల ఎత్తి అత్తగారి కళ్ళలోకి చూసింది.

"వచ్చింది అత్తయ్యా!"

"ఏదీ... చదువవే..."

అమలమ్మ పత్రికను ముఖానికి దగ్గరగా పెట్టుకుంది. తడబడకుండా చదివింది. "'మా అత్తయ్య తెరేసమ్మ వేడుకుంటే మరియమాత నా కళ్ళు నిలిపింది...'"

తెరేసమ్మ ఆ కాగితాన్ని అందుకుంది. అమలమ్మ వేలు చూపించిన చోట, ఎవరికో ఉద్యోగం వచ్చిన కృతజ్ఞత మీద, తన వేలు ఆనించి కళ్ళకద్దుకుంది.

లూర్దు ఇంటికి రాకముందే అమలమ్మ ఆ పత్రికను పొయ్యిలో పెట్టేసింది.

శనివారం సాయంత్రం తెరేసమ్మ పాపసంకీర్తనం చేసుకుంది. ఆదివారం పూజలో అందరితో పాటు లేచింది. మనవరాలి భుజం మీద చెయ్యి వేసుకుని, ఆరు నెలల తర్వాత, పీఠం వైపు నడిచింది. సగం దూరం వెళ్ళి వెనక్కి తిరిగి చూసింది. "రావేం?" అన్నట్టు చెయ్యి ఊపింది.

అమలమ్మ కొంగు లేని ముఖంతో ఆమెను చూసి నవ్వింది. చాపమీంచి లేవలేదు.